టోపీ మీద తెల్లపువ్వు: జర్మన్ 1వ పర్వత డివిజన్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

రెండో ప్రపంచ యుద్ధం గురించి మాట్లాడుకునే చోట ఒక మాట తరచుగా వినిపిస్తుంది. దారుణాలన్నీ ఎస్‌ఎస్ (నాజీ పార్టీ సొంత సాయుధ దళం) వాళ్ళు చేశారు, మామూలు జర్మన్ సైన్యం తన యుద్ధం తాను చేసుకుంది అని. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. ఆ అభిప్రాయం నాకు పూర్తిగా పోయింది ఈ ఒక్క డివిజన్ చరిత్ర చదివాకే. తెలుగులో దీని గురించి రాసినవి నాకు పెద్దగా కనిపించలేదు. అందుకే నన్ను అడిగినవీ, నాకు నేను వేసుకున్నవీ కలిపి ఈ ప్రశ్నలు రాస్తున్నాను. కొన్ని జవాబులు చదవడానికి కష్టంగా ఉంటాయి. తగ్గించి రాయడం చనిపోయినవాళ్ళకి అన్యాయం అనిపించి ఉన్నదున్నట్టు రాశాను.

ఏమిటీ 1వ పర్వత డివిజన్?

కొండ ప్రాంతాల్లో పోరాడటానికి జర్మన్ సైన్యం ప్రత్యేకంగా తయారుచేసుకున్న దళం. 1935లో ఒక పర్వత బ్రిగేడ్‌గా మొదలై, 1938 ఏప్రిల్‌లో పూర్తి డివిజన్ అయింది. హిట్లర్ ఆస్ట్రియాను జర్మనీలో కలిపేసుకుని అప్పటికి కొద్ది వారాలే. డివిజన్ కేంద్రం బవేరియాలోని గార్మిష్-పార్టెన్‌కిర్షెన్, 1936 వింటర్ ఒలింపిక్స్ జరిగిన ఊరు. మొదటి కమాండర్ లుడ్విగ్ క్యూబ్లర్. జవాన్లలో చాలామంది ఆల్ప్స్ కొండల కింద పల్లెల్లో పుట్టి పెరిగిన కుర్రాళ్ళు.

మామూలు సైన్యానికీ దీనికీ తేడా ఏమిటి?

కొండలు ఎక్కడం, మంచు మీద స్కీయింగ్, తాళ్ళ సాయంతో లోయలు దాటడం వీళ్ళ శిక్షణలో భాగం. ట్రక్కు పోలేని చోటికి కంచర గాడిదల మీద మందుగుండు తీసుకెళ్ళేవాళ్ళు. ఫిరంగుల్ని కూడా భాగాలుగా విడదీసి మోసుకెళ్ళి పైన బిగించుకునేవాళ్ళు. టోపీ మీదా, చొక్కా చేతి మీదా ఎడెల్వైస్ పువ్వు గుర్తు ఉండేది. ఆల్ప్స్‌లో బాగా ఎత్తున, రాళ్ళ సందుల్లో పూసే చిన్న తెల్లటి పువ్వు అది. దాన్ని కోసుకొచ్చినవాడు ధైర్యవంతుడని అక్కడివాళ్ళ నమ్మకం.

ఈ వివరం ఎందుకు చెబుతున్నానంటే, వీళ్ళు తర్వాత తగలబెట్టిన ఊళ్ళలో చాలావరకు ఇలాంటి కొండ పల్లెలే. రాతి ఇళ్ళు, మేకల మందలు, మధ్యలో చర్చి, చుట్టూ చెట్లు. ఆ కుర్రాళ్ళకి అలాంటి ఊరు కొత్త కాదు. తలుపు తోసుకుని లోపలికి వెళితే పొయ్యి ఎక్కడుంటుందో, పిల్లలు ఎక్కడ పడుకుంటారో వాళ్ళకి తెలుసు.

ఇది ఎస్‌ఎస్ దళమా?

కాదు. ఇది వెర్మాఖ్ట్, అంటే జర్మనీ రెగ్యులర్ సైన్యం. ఎస్‌ఎస్‌కి వేరే పర్వత డివిజన్లు ఉండేవి. వాటిలో బాగా పేరు మోసినది ప్రింజ్ ఓయ్‌గెన్ అనే 7వ ఎస్‌ఎస్ పర్వత డివిజన్. 1942లో ఆర్టర్ ఫ్లెప్స్ అనే అధికారి కింద, యుగొస్లావియా ప్రాంతంలో స్థిరపడ్డ జర్మన్ కుటుంబాల మగవాళ్ళతో మొదలుపెట్టారు. అది డాల్మేషియాలోనూ మాంటెనెగ్రోలోనూ ఊళ్ళకు ఊళ్ళు చంపింది. దానికీ దీనికీ ముడిపెట్టి రాసేవాళ్ళు ఉన్నారు. 1943 వేసవిలో రెండూ మాంటెనెగ్రోలో పక్కపక్కనే పనిచేశాయి కాబట్టి ఆ పొరపాటు సహజమే.

కానీ తేడా గుర్తుంచుకోవాలి. 1వ పర్వత డివిజన్‌లో ఉన్నది నాజీ పార్టీ ఏరి కోరి తెచ్చుకున్న మనుషులు కారు. వయసొచ్చాక సైన్యంలో చేరాల్సి వచ్చిన రైతుబిడ్డలు, వడ్రంగులు, టూరిస్టుల్ని కొండెక్కించే గైడ్లు. వీళ్ళు చేసింది చూశాక, మామూలు సైన్యం చేతులు శుభ్రంగా ఉన్నాయనే మాట నిలవదు.

గ్రీస్‌కి రాకముందు ఎక్కడ పోరాడారు?

1939 సెప్టెంబర్‌లో పోలండ్‌లో, ల్వువ్ నగరం వైపు వేగంగా దూసుకుపోయి పేరు తెచ్చుకున్నారు. 1940లో ఫ్రాన్స్, 1941 ఏప్రిల్‌లో యుగొస్లావియా, జూన్‌లో సోవియట్ యూనియన్. అప్పటికి కమాండర్ హుబర్ట్ లాన్జ్. 1941 జూన్ 30న మళ్ళీ అదే ల్వువ్‌లో (ఇప్పటి ఉక్రెయిన్‌లోని ల్వీవ్) అడుగుపెట్టారు. సోవియట్ రహస్య పోలీసులు పారిపోతూ జైళ్ళలో ఖైదీల్ని చంపి వెళ్ళిపోయారు. ఆ శవాలు చూపించి, నేరమంతా యూదుల మీదకు నెట్టి, వీధుల్లో యూదుల్ని కొట్టి చంపడం మొదలైంది. నగరం జర్మన్ సైన్యం చేతిలో ఉండగానే ఇదంతా జరిగింది.

1942 ఆగస్టు 21న ఈ డివిజన్, మరో పర్వత డివిజన్ కలిసి కాకసస్ పర్వతాల్లోని 5,642 మీటర్ల ఎల్‌బ్రూస్ శిఖరం మీద జెండా పాతాయి. జర్మన్ పత్రికలు ఆకాశానికెత్తేశాయి. హిట్లర్ మాత్రం యుద్ధం వదిలేసి కొండలెక్కుతారా అని మండిపడ్డాడని అతని దగ్గర పనిచేసిన ఆల్బర్ట్ స్పియర్ తర్వాత రాశాడు. యుద్ధం అయిపోయాక దశాబ్దాల పాటు ఈ డివిజన్ గురించి చెప్పుకున్న కథ ఇదే: మంచు, శిఖరం, జెండా.

ఊళ్ళు తగలబెట్టడం గ్రీస్‌లోనే మొదలైందా?

కాదు. 1943 వసంతంలో కాకసస్ నుంచి బాల్కన్‌కి మార్చినప్పటి నుంచే. అప్పటికి కొత్త కమాండర్ వాల్టర్ స్టెట్నర్ వచ్చాడు. మాంటెనెగ్రోలో టిటో పార్టిజాన్లను (యుగొస్లావియా గెరిల్లాలను) చుట్టుముట్టే ఆపరేషన్‌లో పాల్గొన్నాక, డివిజన్ అల్బేనియా మీదుగా గ్రీస్‌కి బయల్దేరింది. దారిలో వాళ్ళ కాన్వాయ్ మీద గెరిల్లాలు కాల్పులు జరిపారు. జూలై 6న అక్కడికి దగ్గర్లోని బొరోవా అనే ఊరిని తగలబెట్టి 107 మందిని చంపారు. గ్రీస్‌లో ఎపైరస్ ప్రాంతానికి చేరగానే జూలై 25న ముసియోటిత్సా ఊరిలో 153 మంది.

వీటి వెనుక ఒక కాగితం ఉంది. 1942 డిసెంబర్ 16న హిట్లర్ పేరున వచ్చిన ఆదేశం. గెరిల్లాల మీద పోరులో ఏ పద్ధతైనా వాడొచ్చు, ఆడవాళ్ళూ పిల్లల మీద కూడా, అలా చేసిన ఏ సైనికుడినీ విచారించకూడదు అని దాని సారాంశం. ఇది చదివాక నాకు అర్థమైంది: కోపంలో హద్దు దాటిన జవాన్ల కథ కాదిది. హద్దును ముందే చెరిపేశారు.

రిపోర్టుల భాష కూడా చూడాలి. అందులో ఊరివాళ్ళు ఉండరు. ‘బందిపోట్లు’, ‘బందిపోట్లకు సాయం చేసేవాళ్ళు’, ‘శత్రువు నష్టాలు’ ఉంటాయి. చంపాల్సినవాళ్ళకి ఆ పేరు ముందే పెట్టేశాక చంపేటప్పుడు చేయి వణకదు.

కొమ్మేనోలో ఏం జరిగింది?

ఇది కొంచెం వివరంగా చెప్పాలి.

కొమ్మేనో కొండ మీద ఊరు కాదు. గ్రీస్‌లో ఆరాఖ్తోస్ నది సముద్రంలో కలిసే చోట, పల్లపు నేలల్లో ఉండే ఊరు. 1943 ఆగస్టు 12న ఒక జర్మన్ గస్తీ వాహనం ఊళ్ళోకి వచ్చింది. ఆ సమయానికి కొందరు గెరిల్లాలు తిండిగింజలు వసూలు చేసుకోవడానికి వచ్చి ఉన్నారు. వాహనంలో వాళ్ళు గెరిల్లాల తుపాకులు చూశారు, వెనక్కి తిప్పుకుని వెళ్ళిపోయారు. రెండు వైపులా ఒక్క తూటా పేలలేదు.

ఊరివాళ్ళకి భయం పట్టుకుంది. ఇళ్ళు వదిలి పొలాల్లో పడుకున్నారు. పెద్దలు ఆర్టా పట్టణానికి వెళ్ళి, అప్పట్లో అక్కడ అధికారంలో ఉన్న ఇటాలియన్ కమాండర్‌ని కలిసి జరిగింది చెప్పుకున్నారు. ఏమీ కాదు, ఇంటికి వెళ్ళండి అని ఆయన ధైర్యం చెప్పాడు. ఆగస్టు 15 మేరీమాత పండుగ, గ్రీకు పల్లెల్లో ఏడాదిలో పెద్ద పండుగల్లో ఒకటి. అందరూ ఇళ్ళకి తిరిగొచ్చారు. చుట్టాలు వచ్చారు. ఒక ఇంట్లో పెళ్ళి. ఆ రాత్రి ఆటపాటలతో చాలా పొద్దుపోయేదాకా మేలుకునే ఉన్నారు.

అదే సాయంత్రం, కొన్ని మైళ్ళ దూరంలోని శిబిరంలో, ఈ డివిజన్‌లోని 98వ రెజిమెంట్ కమాండర్ యోసెఫ్ జాల్మింగర్ తన మనుషుల ముందు ప్రసంగించాడు. 12వ కంపెనీని రాత్రి ట్రక్కుల్లో ఎక్కించారు. దాని నాయకుడు లెఫ్టినెంట్ విల్లి రోజర్. తెల్లవారకముందే ఊరిని చుట్టుముట్టారు. నది వైపు మాత్రం ఖాళీగా ఉండిపోయింది.

చర్చి ఫాదర్ లాంబ్రోస్ స్టమాటిస్ ఎదురొచ్చాడు. మొదట చనిపోయింది ఆయనే. ఆ తర్వాత ఇంటింటికీ గ్రెనేడ్లు విసిరి, బయటికి పరిగెత్తినవాళ్ళని కాల్చారు. పెళ్ళి ఇంట్లో వాళ్ళు అక్కడికక్కడే పోయారు. నది వైపు పరిగెత్తగలిగినవాళ్ళు నీళ్ళలో దూకి, ఈదుకుంటూ అవతలి ఒడ్డుకి చేరి బతికారు. బతికినవాళ్ళలో చాలామందిని కాపాడింది ఆ నదే.

మధ్యాహ్నానికల్లా అయిపోయింది. 317 మంది. అందులో పదిహేనేళ్ళ లోపు పిల్లలు దాదాపు వంద మంది. ఇరవై కుటుంబాల్లో ఒక్కరూ మిగల్లేదు. ఇళ్ళు తగలబెట్టి, పశువుల్నీ సామాన్లనీ ట్రక్కుల్లో ఎక్కించుకున్నారు. జర్మన్ల వైపు ప్రాణనష్టం లేదు. రిపోర్టులో మాత్రం ఇళ్ళలోంచి తీవ్రంగా కాల్పులు జరిగాయనీ, ఎదురు కాల్పుల్లో 150 మంది పౌరులు చనిపోయి ఉండొచ్చనీ రాశారు.

సైనికుల్లో ఎవరికీ మనసు కలుక్కుమనలేదా?

కొందరికి కలుక్కుమంది. ఇది వాళ్ళే యుద్ధం తర్వాత విచారణల్లో చెప్పారు. పని అయిపోయాక ఒక కింది స్థాయి అధికారి తన టోపీ తీసి రోజర్ కాళ్ళ దగ్గర విసిరికొట్టాడట. ఇలాంటి పనిలో తాను పాలుపంచుకోవడం ఇదే ఆఖరిసారి, దీనికీ యుద్ధానికీ సంబంధం లేదు అన్నాడట. చాలామంది ఆ రోజు తిండి తినలేకపోయారనీ, తమలో తాము గొడవపడ్డారనీ కూడా చెప్పారు.

ఆ టోపీ సంగతి చదివినప్పటి నుంచీ నన్ను వదలడం లేదు. ఎందుకంటే అది అయిపోయాక విసిరిన టోపీ. ఉదయం ట్రక్కు దిగేటప్పుడు అది తల మీదే ఉంది.

ఆర్డర్ పాటించకపోతే వాళ్ళనే కాల్చేసేవాళ్ళు కదా?

అందరూ అడిగే ప్రశ్న ఇది. యుద్ధం తర్వాత కోర్టుల్లో నిందితులందరూ చెప్పిన మాట కూడా ఇదే. కానీ దశాబ్దాల పాటు నడిచిన కేసుల్లో, నిరాయుధులైన పౌరుల్ని చంపనన్నందుకు ఒక జర్మన్ సైనికుడికి మరణశిక్ష పడిందని డిఫెన్స్ లాయర్లు ఒక్క ఉదాహరణ కూడా చూపించలేకపోయారు. చూపించగలిగితే వాళ్ళ క్లయింట్లు బయటపడేవాళ్ళు, కాబట్టి వెతకకుండా ఉండి ఉండరు. ప్రమోషన్ పోవచ్చు, తోటివాళ్ళ ముందు పిరికివాడనిపించుకోవచ్చు. పంతొమ్మిదేళ్ళ కుర్రాడికి ఆ టెన్షన్ చిన్నది కాదని ఒప్పుకుంటాను. ప్రాణభయం మాత్రం వేరే సంగతి.

కెఫలోనియాలో చంపింది ఇటాలియన్లనా? వాళ్ళు జర్మనీ మిత్రులు కదా?

1943 సెప్టెంబర్ 8 వరకు మిత్రులే. ఆ రోజు ఇటలీ మిత్రరాజ్యాలకి లొంగిపోయినట్టు ప్రకటించింది. గ్రీస్‌లో ఉన్న ఇటాలియన్ దళాలు ఒక్క రాత్రిలో ఎటూ కాకుండా పోయాయి. కెఫలోనియా దీవిలో ఆక్వి డివిజన్ ఉండేది, దాదాపు 12 వేల మంది. కమాండర్ జనరల్ ఆంటోనియో గాండిన్. ఆయుధాలు అప్పగించమని జర్మన్లు అడిగారు. ఇంటికి పంపిస్తామన్నారు. గాండిన్ రోజుల తరబడి బేరాలు నడిపి, చివరికి ఏ సైన్యంలోనూ వినని పని చేశాడు: జవాన్లనే అడిగాడు. ఎక్కువమంది పోరాడదామన్నారు.

పోరు వారం రోజులు నడిచింది. ఇటాలియన్లకి విమానాల అండ లేదు. జర్మన్ స్టూకా బాంబర్లు పైనుంచి కురిపిస్తూనే ఉన్నాయి. ఈలోగా హిట్లర్ నుంచి ఆదేశం వచ్చింది: కెఫలోనియాలో ఖైదీలుగా ఎవరినీ పట్టుకోవద్దు. పై స్థాయిలో బాధ్యుడు హుబర్ట్ లాన్జ్, అప్పటికి 22వ పర్వత కోర్‌కి (డివిజన్ల పైన ఉండే పెద్ద దళం) అధిపతి. దీవిలో దాడిని నడిపింది 1వ పర్వత డివిజన్ అధికారి హరాల్డ్ ఫాన్ హిర్ష్‌ఫెల్డ్. మరికొన్ని జర్మన్ దళాలు కూడా అందులో ఉన్నాయి.

ఆయుధాలు పడేసి చేతులెత్తిన గుంపుల్ని ఎక్కడికక్కడ, రోడ్డు పక్కన, రాతి గోడల దగ్గర, ఆలివ్ తోటల్లో కాల్చడం మొదలైంది. ట్రొయనాటా అనే ఊరి దగ్గర ఒక్కచోటే వందల మంది. సెప్టెంబర్ 22న గాండిన్ లొంగిపోయాడు. 24న ఆయన్ని కాల్చారు. అదే రోజు అర్గోస్టోలి పట్టణం దగ్గర, సముద్రం ఒడ్డున ‘ఎర్ర ఇల్లు’ అనే భవనం పక్కకి అధికారుల్ని కొద్దికొద్ది మందిగా తీసుకెళ్ళి చంపారు. ఆ ఒక్క ఉదయం వందకు పైగా అధికారులు పోయారు. శవాల్ని కొన్ని తగలబెట్టారు, కొన్ని సముద్రంలో పడేశారు.

అల్బేనియా తీరంలోనూ ఇదే జరిగింది. అక్టోబర్ మొదట్లో ఇటలీ పెరూజియా డివిజన్ కమాండర్ జనరల్ కిమినెల్లోనీ, ఆయన అధికారుల్నీ కాల్చేశారు.

యుద్ధం తర్వాత న్యూరెంబర్గ్‌లో జరిగిన యుద్ధ నేరాల విచారణల్లో అమెరికా తరఫు ప్రధాన ప్రాసిక్యూటర్ టెల్ఫర్డ్ టేలర్, యుద్ధాల చరిత్రలోనే అత్యంత నీచమైన చట్టవిరుద్ధ చర్యల్లో ఒకటిగా ఈ అధికారుల హత్యల్ని వర్ణించాడు.

కెఫలోనియాలో ఎంతమంది చనిపోయారు? ఒక్కోచోట ఒక్కో సంఖ్య ఉంది.

లొంగిపోయాక కాల్చినవాళ్ళు దాదాపు 5 వేల మంది అని చాలాకాలంగా చెబుతున్నారు. ఈమధ్య కొందరు చరిత్రకారులు యుద్ధంలో పోయినవాళ్ళని విడదీసి లెక్కవేసి రెండు వేల పైచిలుకు అంటున్నారు. 9 వేల పైన అని రాసిన చోట, సముద్రంలో మునిగినవాళ్ళని కూడా కలిపారని అర్థం. మిగిలిన ఖైదీల్ని ఓడల్లో తరలిస్తుంటే కొన్ని ఓడలు మందుపాతరలకి తగిలి మునిగిపోయాయి. సెప్టెంబర్ 28న మునిగిన ఆర్డెనా అనే ఓడ ఒక్కదానిలోనే ఏడు వందల మందికి పైగా పోయారు. చదివేటప్పుడు ఆ సంఖ్యలో ఎవరెవరిని కలిపారో చూసుకోండి.

లింగ్యాడెస్ ఎందుకు అంత ప్రసిద్ధం?

ఇయోన్నినా పట్టణంలో నిలబడి సరస్సు అవతలికి చూస్తే మిత్సికేలి కొండ మీద కనిపించే ఊరు లింగ్యాడెస్. ఎపైరస్‌లో జర్మన్ల ప్రధాన కేంద్రం ఇయోన్నినాయే.

1943 అక్టోబర్ 1న, కొమ్మేనోకి మనుషుల్ని పంపిన జాల్మింగర్ రోడ్డు మీద గెరిల్లాల దాడిలో చనిపోయాడు. నిర్దాక్షిణ్యంగా ప్రతీకారం తీర్చుకోవాలని లాన్జ్ ఆదేశించాడు. అక్టోబర్ 3న లింగ్యాడెస్ మీదకి దళం వెళ్ళింది. ఆ దాడితో ఈ ఊరికి సంబంధం ఉన్నట్టు ఎలాంటి ఆధారం లేదు. ఊరు పట్టణం నుంచి కనిపిస్తుంది, తగలబడితే అందరూ చూస్తారు. ఎంచుకోవడానికి కారణం అదేనని అక్కడివాళ్ళు ఇప్పటికీ చెబుతారు.

వాల్‌నట్ కోతల కాలం కావడంతో చేతనైనవాళ్ళు చాలామంది బయట ఉన్నారు. ఇళ్ళలో ఉన్నది ముసలివాళ్ళు, తల్లులు, పిల్లలు. వాళ్ళని చావడి దగ్గర కూడేసి, చిన్న చిన్న గుంపులుగా ఇళ్ళలోకి తోలి, కాల్చి, నిప్పు పెట్టారు. 80 మందికి పైగా చనిపోయారు. తర్వాత వెతకడానికి వచ్చినవాళ్ళకి చనిపోయిన తల్లి పక్కన ఒక పసిబిడ్డ ప్రాణాలతో దొరికాడు. ఆ బిడ్డ పెరిగి పెద్దవాడై, ముసలివాడై, జరిగింది అడిగినవాళ్ళకి చెబుతూ బతికాడు.

గెరిల్లాలు ఊళ్ళలో దాక్కున్నారు, దాడులు చేశారు. వాళ్ళ తప్పు లేదా?

గ్రీస్‌లో కూడా ఈ వాదన ఉంది. బతికినవాళ్ళలో కొందరు గెరిల్లాల మీద కోపం దాచుకోలేదు. దాడి చేసి కొండల్లోకి వెళ్ళిపోతారు, ఫలితం ఊరు అనుభవిస్తుంది అన్నది వాళ్ళ బాధ. ఆ బాధని నేను కాదనను.

కానీ జాల్మింగర్‌ని చంపినవాళ్ళకీ, లింగ్యాడెస్‌లో తల్లి పక్కన దొరికిన బిడ్డకీ మధ్య లంకె ఎవరు వేశారు? గెరిల్లాలు కాదు. కొమ్మేనోలో అయితే జర్మన్లకి గాయం కూడా కాలేదు. తుపాకులు కనిపించడమే నేరమైంది.

గ్రీస్‌లోని కలావ్రిటా, డిస్టోమో ఊళ్ళలో జరిగిన హత్యలు కూడా వీళ్ళ పనేనా?

కాదు. 1943 డిసెంబర్‌లో కలావ్రిటాలో మగవాళ్ళని చంపింది 117వ యేగర్ డివిజన్. 1944 జూన్ 10న డిస్టోమోలో చంపింది ఎస్‌ఎస్ పోలీస్ డివిజన్ దళం. అన్నీ ఒకే దళానికి అంటగడితే మిగతావాళ్ళు తప్పించుకున్నట్టే.

యుద్ధం చివర్లో డివిజన్ ఏమైంది?

1944 అక్టోబర్‌లో బెల్‌గ్రేడ్ దగ్గర సోవియట్, పార్టిజాన్ సైన్యాల మధ్య ఇరుక్కుని బాగా దెబ్బతింది. స్టెట్నర్ అక్కడే కనబడకుండా పోయాడు. మిగిలినవాళ్ళు హంగరీలో పోరాడి, 1945 మేలో ఆస్ట్రియాలో అమెరికన్లకి లొంగిపోయారు.

ఎవరికైనా శిక్ష పడిందా?

చాలా తక్కువ. లాన్జ్‌ని న్యూరెంబర్గ్‌లో ‘బందీల కేసు’ అని పిలిచే విచారణలో నిలబెట్టారు. హిట్లర్ ఆదేశాన్ని తాను వ్యతిరేకించాననీ, కెఫలోనియాలో కొద్దిమంది అధికారుల్నే కాల్చారనీ వాదించాడు. 1948 ఫిబ్రవరిలో 12 ఏళ్ళ జైలు శిక్ష పడింది. 1951లోనే బయటికొచ్చాడు. తర్వాత పశ్చిమ జర్మనీలో ఫ్రీ డెమొక్రటిక్ పార్టీకి రక్షణ వ్యవహారాల్లో సలహాదారుగా పనిచేసి, 1982లో చనిపోయాడు.

మొదటి కమాండర్ క్యూబ్లర్‌కి 1947లో యుగొస్లావియాలో మరణశిక్ష అమలైంది. కానీ అది యుద్ధం చివర్లో ఆడ్రియాటిక్ ప్రాంతంలో చేసినవాటికి. హిర్ష్‌ఫెల్డ్ 1945 జనవరిలో యుద్ధంలోనే పోయాడు. కొమ్మేనోలో 12వ కంపెనీకి పై అధికారి అయిన రైన్‌హోల్డ్ క్లేబె యుద్ధం తర్వాత కొత్త జర్మన్ సైన్యంలో అధికారిగా ఉద్యోగం చేశాడు.

జర్మనీలో విచారణలు మొదలయ్యాయి, మూతపడ్డాయి. 2006లో మ్యూనిక్ ప్రాసిక్యూటర్ కెఫలోనియా కేసు మూసేస్తూ, ఆక్వి జవాన్లని శత్రువు వైపు వెళ్ళిపోయిన సొంత సైనికులతో పోల్చడంతో ఇటలీలో పెద్ద దుమారం రేగింది. 2013 అక్టోబర్‌లో రోమ్ సైనిక కోర్టు ఒక మాజీ జర్మన్ సైనికుడికి యావజ్జీవం వేసింది. అప్పటికి అతనికి తొంభై ఏళ్ళు. జర్మనీ వదిలి రాలేదు, ఒక్క రోజు కూడా జైల్లో లేడు.

ఎందుకిలా? 1950ల్లో పశ్చిమ జర్మనీకి సోవియట్లని ఎదుర్కోవడానికి సైన్యం కావాలి, సైన్యానికి అనుభవమున్న అధికారులు కావాలి. ఎవరు ఎక్కడ ఏం చేశారో తవ్వడానికి అప్పుడు ఎవరికీ ఇష్టం లేకపోయింది.

మిట్టెన్‌వాల్డ్ గొడవ ఏమిటి?

బవేరియాలోని మిట్టెన్‌వాల్డ్ దగ్గర, హోహర్ బ్రెండెన్ అనే గుట్ట మీద, 1957లో పర్వత సైనికుల స్మారకం కట్టారు. మాజీ సైనికుల సంఘం ఏటా అక్కడ కలిసేది. ఆ సంఘం పెట్టినవాళ్ళలో లాన్జ్ ఒకడు. అక్కడ చనిపోయిన తోటి సైనికుల్ని తలుచుకునేవాళ్ళు. కొమ్మేనో, లింగ్యాడెస్ మాట వచ్చేది కాదు.

2002 నుంచి యువకులు, చరిత్ర పరిశోధకులు ప్రతి ఏడాదీ అక్కడికి వెళ్ళి నిరసన తెలపడం మొదలుపెట్టారు. గ్రీస్, ఇటలీల నుంచి బతికి బయటపడ్డవాళ్ళని తీసుకొచ్చి మాట్లాడించారు. తొంభై ఏళ్ళ మాజీ సైనికులున్న ఊళ్ళో, వాళ్ళ చేతుల్లోంచి తప్పించుకున్న మనిషి మైకు ముందు నిలబడి ఊరి పేరు, ఇంటి పేరు చెప్పడం చిన్న విషయం కాదు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఈ డివిజన్ గ్రీస్‌లో చేసినవాటిని ఏళ్ళ తరబడి తిరిగి, సాక్షుల్ని కలిసి నమోదు చేసినవాళ్ళలో ఒక జర్మన్ ఉన్నాడు. ఆయన తండ్రిని 1943లో గ్రీకు గెరిల్లాలే చంపారు. తండ్రికి ఏమైందో వెతకడానికి గ్రీస్ వెళ్ళి, తండ్రి వైపువాళ్ళు ఏం చేశారో వినడం మొదలుపెట్టి, అది పూర్తిగా రాసేదాకా ఆగలేదు.

జర్మనీ క్షమాపణ చెప్పిందా? పరిహారం ఇచ్చిందా?

2014 మార్చి 7న జర్మన్ అధ్యక్షుడు యోఆఖిమ్ గౌక్ లింగ్యాడెస్ వెళ్ళి, సిగ్గుతోనూ బాధతోనూ క్షమించమని అడిగాడు. బతికినవాళ్ళు, వాళ్ళ పిల్లలు ఎదురుగా ఉన్నారు. న్యాయం, పరిహారం అని రాసిన కాగితాలు పట్టుకుని కొందరు నిలబడ్డారు.

డబ్బు విషయంలో జర్మనీ మాట ఒక్కటే. నాజీల వల్ల బాధపడ్డవాళ్ళ కోసం 1960 ఒప్పందం కింద గ్రీస్‌కి 11.5 కోట్ల మార్కులు ఇచ్చాం, చట్టపరంగా అది ముగిసింది అని. గ్రీస్ ఒప్పుకోవడం లేదు. తగలబడ్డ ఊళ్ళ ప్రజల్లో ఎక్కువమందికి ఆ డబ్బు అందలేదని వాళ్ళ వాదన. వాళ్ళ వైపు న్యాయం ఉందని నేను అనుకుంటాను.

ఇప్పటి జర్మన్ పర్వత దళానికీ దీనికీ సంబంధం ఉందా?

సంస్థగా చూస్తే లేదు. 1956లో కొత్త సైన్యంలో అదే పేరుతో, 1వ పర్వత డివిజన్ అని మళ్ళీ మొదలుపెట్టారు. అది 2001 దాకా నడిచింది. ఇప్పుడున్నది 23వ పర్వత బ్రిగేడ్, టోపీ మీద ఎడెల్వైస్ ఇంకా ఉంది. క్యూబ్లర్ పేరున మిట్టెన్‌వాల్డ్‌లో ఉన్న సైనిక శిబిరం పేరు 1995 దాకా మార్చలేదు. అతన్ని యుద్ధ నేరస్థుడిగా చంపి అప్పటికి 48 ఏళ్ళు. 2018లో జర్మన్ రక్షణ శాఖ, వెర్మాఖ్ట్ ఒక సంస్థగా తమ సైన్యానికి ఆదర్శం కాదని లిఖితంగా స్పష్టం చేసింది.

ఆ చోట్లకి వెళ్ళి చూడొచ్చా?

వెళ్ళొచ్చు. కెఫలోనియా ఇప్పుడు పేరున్న టూరిస్టు దీవి. అర్గోస్టోలి దగ్గర ఆక్వి డివిజన్ స్మారకం ఉంది. 2001 మార్చిలో ఇటలీ అధ్యక్షుడు చాంపి అక్కడికి వెళ్ళి నివాళి అర్పించాక ఇటలీలో ఆ చరిత్ర మళ్ళీ అందరి నోళ్ళలోకి వచ్చింది. లింగ్యాడెస్‌కి ఇయోన్నినా నుంచి సరస్సు చుట్టూ తిరిగి ఘాట్ రోడ్డు మీద పైకి వెళ్ళాలి.

కొమ్మేనోకి ఆర్టా నుంచి వెళతారు. ఊరి మధ్యలో పాలరాతి మీద 317 పేర్లు చెక్కి ఉన్నాయి. గ్రీకు అక్షరాలు చదవడం రాకపోయినా ఫరవాలేదు. ఒకే ఇంటిపేరు కింద వరుసగా అదే ఇంటిపేరు కనిపిస్తూ పోతుంది. ఏటా ఆగస్టు 15న అక్కడ ఇప్పటికీ పండుగ చేసుకుంటారు, 16న ఆ రాయి దగ్గర ప్రార్థన చేస్తారు.